నువ్వుల నూనెతో పోటీ: గంజాయి ఔషధాలకు హరిత పద్ధతుల్లో నానో వాహకాలు

సభకు నమస్కారం.

ఈ ప్రసంగానికి పేరు పెట్టేటప్పుడు "గంజాయి" అన్న మాటను ఉంచాలా, తీసేయాలా అని నిర్వాహక మిత్రులు కొంత తటపటాయించారు. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల్లో చాటుమాటు సాగు, తనిఖీ కేంద్రాల దగ్గర పట్టుబడిన మూటలు, తగలబెట్టిన తోటలు, మన పత్రికల్లో ఆ మాట కనిపించేది ఇలాంటి వార్తల్లోనే గనుక వారి సంకోచం సహజమే. అయినా ఉంచమనే కోరాను. ఆ మొక్కలోని రసాయనాల్లో ఒకటైన కానబిడయోల్, పొట్టిగా సీబీడీ, మత్తు కలిగించే పదార్థం కాదు. 2018 జూన్‌లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని లెనాక్స్-గస్టో, డ్రావే అనే రెండు తీవ్రమైన మూర్ఛ రోగాలకు మందుగా ఆమోదించింది. ఎపిడయోలెక్స్ అన్న పేరుతో వచ్చే ఆ మందు సీసాలో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల సీబీడీ, కొంత ఆల్కహాలు, తీపికి సుక్రలోజ్, పిల్లలు మొహం తిప్పుకోకుండా స్ట్రాబెర్రీ వాసన ఉంటాయి. మిగిలినదంతా మన వంటింటి నువ్వుల నూనె. అంతకు ముందు, 1985లోనే, ఆ మొక్కలో మత్తు కలిగించే పదార్థమైన టీహెచ్‌సీని డ్రోనాబినాల్ పేరుతో మెత్తటి జెలటిన్ గుళికల్లో నింపి ఇచ్చినప్పుడు కూడా దాన్ని కరిగించింది నువ్వుల నూనెలోనే. ఇన్ని దశాబ్దాల ఔషధ విజ్ఞానం ఈ నూనె దగ్గరే ఎందుకు ఆగింది, దాన్ని దాటాలంటే ఏం చేయాలి, దాటే క్రమంలో చెరువులనూ భూగర్భ జలాలనూ పాడుచేయకుండా ఉండటం ఎలా అన్నవే ఈనాటి నా విషయాలు.

సీబీడీకి నీళ్లంటే పడదు. ఒక పాత్రలో నీరు, దానిమీద ఆక్టనాల్ అనే నూనెవంటి ద్రవం పోసి, అందులో సీబీడీని వేసి బాగా కలిపి నిలవనిస్తే, నీటిలో ఒక పాలు మిగిలినప్పుడు పై ద్రవంలో సుమారు 20 లక్షల పాళ్లు చేరుతుంది. పుస్తకాల్లో "లాగ్ పీ 6.3" అని రాసే అంకెకు అర్థం ఇంతే. ఉత్తరాదిలో తరతరాలుగా భంగును పాలలోనో నేతిలోనో మరిగించినవారికి ఈ అంకె తెలియకపోయినా ఈ సంగతి తెలుసు. మన పేగులో ఉన్నది నీరు గనుక అందులో కరగని మందు గోడను దాటి లోపలికి పోలేదు. పోయిన కొంచెం కూడా ముందుగా కాలేయానికే చేరి, అక్కడి ఎంజైముల చేతిలో చాలావరకు మారిపోతుంది. ఫలితంగా ఖాళీ కడుపున మింగిన సీబీడీలో రక్తప్రవాహానికి అందేది సుమారు 6 శాతం.

ఈ 6 శాతాన్ని సాధారణంగా వైద్య సమస్యగానే చెబుతారు. నేను దాన్ని పర్యావరణ సమస్యగా కూడా చూడమంటాను. 20 కిలోల బరువున్న బిడ్డకు కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 200 మిల్లీగ్రాములు ఇస్తే ఆ లెక్కన పనికి వచ్చేది 12 మిల్లీగ్రాములు. మిగిలిన 188 మిల్లీగ్రాముల కోసం కూడా పొలం దున్నారు, నీరు పెట్టారు, పూతను కోసి ఆరబెట్టారు, సారం తీశారు, ఆ సారంలోని మైనాన్ని చలిలో గడ్డకట్టించి వడపోశారు. అందువల్ల మందు రెట్టింపు అందేలా చేసి మోతాదును సగానికి తగ్గించగలిగిన వాహకం, తన తయారీలో కాస్త కరెంటు ఎక్కువ ఖర్చుచేసినా, మొత్తం లెక్కలో హరితమే కావచ్చు. మందును ఏమాత్రం ఎక్కువగా అందించలేని వాహకం ఎంత పచ్చటి పద్ధతిలో తయారైనా వృథా ప్రయాసే.

నానో వాహకమంటే, స్థూలంగా, 20 నుంచి 200 నానోమీటర్ల (మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు) కొలతలో ఉండే కొవ్వు బొట్టో, ప్రోటీను ఉండో, పాలిమరు గుళికో. ఒక మిల్లీమీటరు నూనె బొట్టును 100 నానోమీటర్ల బొట్లుగా చీల్చితే మొత్తం ఉపరితలం పదివేల రెట్లు పెరుగుతుంది. కొవ్వును జీర్ణించే రసాలకు అంత జాగా దొరికినట్టే. కవ్వంతో మజ్జిగ చిలికినప్పుడు చిన్న కొవ్వు బొట్లు ఒకదానితో ఒకటి కలిసి వెన్నగా పైకి తేలతాయి కదా, ఇక్కడ మనం చేయవలసింది సరిగ్గా దానికి తలకిందులు పని. ప్రకృతి వెన్నవైపే మొగ్గుతుంది గనుక, బొట్లను చిన్నవిగా చేయడానికి శక్తి, చిన్నవిగానే నిలపడానికి వాటిచుట్టూ ఒక పొర కావాలి.

మేము విద్యార్థులుగా ఉన్న రోజుల్లో లైపోజోములు, అంటే కొవ్వు పొరతో అల్లిన సూక్ష్మ సంచులు, చేయడమంటే సోయాలోనూ గుడ్డు సొనలోనూ ఉండే లెసిథిన్ అనే కొవ్వునూ మందునూ క్లోరోఫాంలో కరిగించడం, గుండ్రటి గాజు కుప్పెను శూన్యంలో తిప్పుతూ ఆ క్లోరోఫాంను ఎగరగొట్టడం, అడుగున మిగిలిన పలుచటి పొరను నీటితో తడపడం. కుప్పెనుంచి ఎగిరిన క్లోరోఫాం ఎక్కడికి పోతుందని మాలో ఎవరమూ అడగలేదు. పంపులోకి పోతుంది, పంపునీటితో కాలువలోకి పోతుంది, అంతటితో అది మా లెక్కలోంచి పోతుంది. పాలిమరు గుళికలకైతే క్లోరోఫాం స్థానంలో డైక్లోరోమీథేన్. పూర్తయిన మందులో క్లోరోఫాం 60 పీపీఎంకు (పది లక్షల్లో 60 పాళ్లకు), డైక్లోరోమీథేన్ 600 పీపీఎంకు మించి మిగలకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. ఇథనాల్, అసిటోన్, ఇథైల్ అసిటేట్‌ వంటి వాటికి 5000 పీపీఎం దాకా అనుమతి ఉంది. కానీ ఆ హద్దులు రోగిని కాపాడటానికి పెట్టినవి. మందులోంచి తీసేసిన ద్రావణి ఏ చెరువులో తేలిందన్నది ఆ అంకెల్లో ఉండదు.

ఔషధ పరిశ్రమలో ఒక కిలో మందుకు 25 నుంచి 100 కిలోల వరకు, కొన్నిసార్లు అంతకు మించి, వ్యర్థం పుడుతుందని 1992లో రసాయన శాస్త్రవేత్త రోజర్ షెల్డన్ లెక్క చూపించారు. అందులో సింహభాగం ద్రావణులదే. హైదరాబాదు పరిసరాల వారికి దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. పటాన్‌చెరు మందుల కర్మాగారాల మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి వచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించినప్పుడు ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. ఆ చుట్టుపక్కల పశువులను మేపుకునేవారు మాత్రం ఆశ్చర్యపోయి ఉండరు.

కనుక నా దృష్టిలో హరిత పద్ధతికి మొదటి కొలమానం, తర్వాత తీసేయవలసి వచ్చే ద్రావణిని అసలు వాడకపోవడం. ఈ కొలమానానికి సీబీడీ అదృష్టవశాత్తూ బాగా లొంగుతుంది. అది సుమారు 66 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మనం వాడే చాలా ఘన కొవ్వులు కూడా 55 నుంచి 75 డిగ్రీల మధ్యనే కరుగుతాయి. అంటే కొవ్వే ద్రావణి అవుతుంది. కరిగిన కొవ్వులో సీబీడీని కలిపి, అదే వేడిలో ఉన్న నీటిలో పోసి, పాల డైరీల్లో ఉండేలాంటి అధిక పీడన హోమోజినైజరు, అంటే ద్రవాన్ని సన్నటి సందులోంచి నెట్టి బొట్లను చీల్చే యంత్రం, గుండా పంపి చల్లారిస్తే ఘన కొవ్వు నానో కణాలు సిద్ధమవుతాయి. బెర్లిన్‌లో మ్యూలర్ బృందం తొంభైల ఆరంభం నుంచి తీర్చిదిద్దిన ఈ దారిలో సేంద్రియ ద్రావణి ఒక్క చుక్క లేదు. కొవ్వు గడ్డకట్టి చక్కటి స్ఫటికంగా మారేకొద్దీ మందును బయటకు నెట్టేస్తుంది గనుక, ఘన కొవ్వులో కొంత ద్రవ నూనె కలిపి స్ఫటికాన్ని కావాలని చెడగొట్టే రెండో తరం కణాలు వచ్చాయి. సీబీడీ వంటి నూనెప్రియ పదార్థానికి ఇవే ఎక్కువ నప్పుతాయి.

ఇక్కడ యంత్రం అడిగే మూల్యాన్ని దాచకూడదు. హోమోజినైజరులో ప్రతి 100 బార్ల పీడనానికి (మన చుట్టూ ఉన్న గాలి పీడనం సుమారు ఒక బార్) ద్రవం సుమారు రెండున్నర డిగ్రీలు వేడెక్కుతుంది. 75 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి 1000 బార్ల పీడనంతో ఒక్కసారి పంపితేనే 100 డిగ్రీలకు చేరుతాం. ప్రతి విడతకూ మధ్యలో చల్లార్చాలి. మనం ఖర్చుచేసిన విద్యుత్తులో అత్యధిక భాగం బొట్లను చీల్చడానికి కాక నీటిని కాచడానికే పోయిందని అర్థం. వేడికీ గాలికీ వెలుతురుకూ చెడిపోయే సీబీడీని అలా పదేపదే కాచడం మందుకూ మంచిది కాదు.

ఈ ఇబ్బందిని చాకచక్యంతో తప్పించుకున్న పద్ధతి ఒకటి ఉంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ అదే గనుక కాస్త ఎక్కువసేపు చెబుతాను. 2002లో ఫ్రాన్స్‌లోని ఆంజేర్ నగర పరిశోధకులు ప్రచురించిన కొవ్వు నానో గుళికల పద్ధతి అది. కొబ్బరి నుంచి తీసే మధ్యస్థ గొలుసు కొవ్వు, కొద్దిగా లెసిథిన్, పాలిఇథిలీన్ గ్లైకాల్ తల ఉన్న ఒక సర్ఫాక్టెంటు, ఉప్పు నీరు, పదార్థాలు ఇవే. సర్ఫాక్టెంటంటే ఒక చివర నీటినీ మరో చివర నూనెనూ ఇష్టపడే సబ్బులాంటి పదార్థం. చల్లగా ఉన్నప్పుడు దాని తల నీటిని పట్టుకుని ఉంటుంది గనుక నూనె బొట్లు నీటిలో తేలతాయి. వేడి చేసేకొద్దీ ఆ తల నీటిని వదిలేసి నూనె పక్షానికి చేరుతుంది. అప్పుడు మొత్తం మిశ్రమం తిరగబడి నూనెలో నీటి బొట్లుగా మారిపోతుంది. ఈ తిరుగుబాటు జరిగే ఇరుకైన ఉష్ణోగ్రతల మధ్య నూనెకూ నీటికీ నడుమ తలతన్యత దాదాపు సున్నా అవుతుంది, అంటే బొట్లను చీల్చడానికి శక్తి అక్కరలేదు. 60, 85 డిగ్రీల మధ్య మూడుసార్లు వేడిచేసి చల్లార్చి, సరిగ్గా ఆ సంధి సమయంలో మంచులా చల్లటి నీటిని ఒక్కసారిగా పోస్తే, మామూలు అయస్కాంతపు కలుపుడు పుల్లతోనే 20 నుంచి 100 నానోమీటర్ల గుళికలు వచ్చేస్తాయి. వేల బార్ల పీడనం చేసే పనిని సమయం తెలిసి పోసిన చన్నీళ్లు చేస్తాయి. మాడ్రిడ్ పరిశోధకులు ఈ గుళికల్లో సీబీడీని నింపారు. 2019లో వారు ప్రచురించిన పనిలో సీబీడీని గుళిక పైభాగాన కూడా అమర్చి, అలా చేస్తే ఎలుకల్లో గుళికలు, రక్తంలోని చాలా పదార్థాలను మెదడులోకి పోనీయని మెదడు రక్త అవరోధాన్ని మరింత బాగా దాటాయని చూపించారు. లోపం ఒక్కటే. ఆ సర్ఫాక్టెంటు తల పెట్రోలియం నుంచి వచ్చే ఇథిలీన్ ఆక్సైడుతో తయారవుతుంది.

దాని బదులు చెట్టునుంచి వచ్చేది వాడరాదా అని విద్యార్థులు అడుగుతారు. కుంకుడుకాయ మన ఇళ్లలోనే ఉంది, దాని నురుగు సపోనిన్లదే, ఆ సపోనిన్లు నూనె బొట్లను నిలబెట్టగలవు కూడా. అయితే సపోనిన్లు సాధారణంగా ఎర్ర రక్తకణాల పొరను కూడా అంతే సులువుగా చీల్చుతాయి. తలంటు వేరు, నరంలోకి ఎక్కించడం వేరు. నోటి ద్వారా ఇచ్చే వాటికి పొద్దుతిరుగుడు లెసిథిన్, పాల ప్రోటీన్లు, తుమ్మజాతి జిగురు ఇప్పటికే ఆహారంలో ఉన్నవే గనుక వాటితో మొదలుపెట్టడం వివేకం.

కార్బన్ డయాక్సైడును ద్రావణిగా వాడే పద్ధతులకు ఈ రంగంలో గొప్ప పేరుంది. 31 డిగ్రీలు, 74 బార్లు దాటితే అది వాయువూ కాక ద్రవమూ కాక, వాయువులా చొచ్చుకుపోతూ ద్రవంలా కరిగించుకునే స్థితికి వస్తుంది. పీడనం తీసేస్తే ఏ జాడా మిగల్చకుండా ఎగిరిపోతుంది, పట్టుకుని మళ్లీ వాడుకోవచ్చు. కాఫీ గింజల నుంచి కెఫీన్ తీయడానికి దీన్ని వాడతారు, గంజాయి జాతి మొక్కల నుంచి సీబీడీ తీయడానికీ దీన్నే వాడతారు. వాహకాల తయారీలో చిక్కు సరిగ్గా అక్కడే ఉంది. మందునూ పాలిమరునూ ఇథనాల్‌లో కరిగించి ఈ వాయువులోకి చిమ్మితే, ఇథనాల్‌ను వాయువు లాగేసుకుని మిగిలిన రెండూ పొడిగా రాలాలన్నది ఒక పద్ధతి. సీబీడీ తానే ఆ వాయువులో కరుగుతుంది గనుక ఇథనాల్‌తోపాటు మందు కూడా ఎగిరిపోతుంది. ఇతర మందులకు బాగా పనిచేసిందని సీబీడీకి గుడ్డిగా దించుకుంటే పాత్ర అడుగున ఖాళీ పాలిమరు మిగులుతుంది. కరిగిన కొవ్వులోకే వాయువును ఎక్కించి ముక్కుగొట్టం గుండా చిమ్మే మరో పద్ధతిలో ఈ నష్టం తక్కువ, ద్రావణి అసలే లేదు. కానీ అందులో వచ్చే కణాలు ఎక్కువగా మైక్రోమీటర్ల కొలతలో ఉంటాయి. మంచి పొడి కావాలంటే వాడవచ్చు, నానో అని చెప్పుకోకూడదు.

సైక్లోడెక్స్ట్రిన్ల గురించి క్లుప్తంగా చెబుతాను. ఎంజైముతో పిండిపదార్థం నుంచి తయారయ్యే ఈ చక్కెర ఉంగరాల నడుమ మందు ఇమిడిపోతుంది. కాసిని నీళ్లు చల్లి పిండి పిసికినట్టు పిసికితే చాలు. పద్ధతి ఎంతో శుభ్రం. కానీ బీటా రకం ఉంగరం బరువు సీబీడీ అణువుకు మూడున్నర రెట్లకు పైన. ఇందాకటి బిడ్డకు 200 మిల్లీగ్రాముల సీబీడీ ఇవ్వాలంటే, ఒక అణువుకు ఒక ఉంగరం చొప్పున పట్టినా, 720 మిల్లీగ్రాముల ఉంగరాలు మింగించాలి. చిన్న మోతాదులకే ఇది సరిపడే దారి.

ప్రోటీను వాహకాల దగ్గర మాత్రం మీరు జాగ్రత్తగా వినాలి, ఎందుకంటే ఇక్కడ మన పసుపు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. పసుపులోని కర్కుమిన్ కూడా నీటిలో కరగదు. దాన్ని కాస్టిక్ సోడా కలిపిన క్షార నీటిలో కరిగించి, పాల ప్రోటీను కేసీన్ చేర్చి, ఆమ్లంతో తటస్థం చేస్తే, ఏ ద్రావణీ లేకుండా ప్రోటీను నానో కణాల్లో కర్కుమిన్ చిక్కుకుంటుంది. ఎంత చవక, ఎంత హరితం! దీన్నే సీబీడీకి వర్తింపజేస్తే ఏమవుతుంది? సీబీడీలోనూ ఫీనాలు సమూహాలు ఉన్నాయి గనుక క్షారంలో కరుగుతుందనే ఊహ తప్పు కాదు. కానీ క్షారంలో గాలి తగిలితే అది ఆక్సీకరణం చెంది ఊదా రంగు క్వినోన్లుగా మారిపోతుంది. ఈ ఊదా రంగును చూసే ఒకప్పుడు గంజాయిని గుర్తించేవారు, దాన్ని బీమ్ పరీక్ష అంటారు. నేరపరిశోధకులకు పనికొచ్చిన రంగు మన కుప్పెలో కనిపించిందంటే మందు పోయిందని లెక్క. సరే, ఆమ్లం వైపు వెళదామంటే అక్కడ మరో గొయ్యి ఉంది. తీవ్ర ఆమ్లంలో సీబీడీ అణువులో వలయం మూసుకుని టీహెచ్‌సీ అవుతుంది. మత్తు లేని మందుతో మొదలుపెట్టి మత్తుమందుతో తేలతాం, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ముందు చేతులు కట్టుకుని నిలబడతాం.

అందువల్ల ప్రోటీను దారిలో సీబీడీకి తగినది మొక్కజొన్న ప్రోటీను జీన్. అది ఒట్టి నీటిలో కరగదు, 70 శాతం ఇథనాల్‌లో కరుగుతుంది. జీన్‌నూ సీబీడీనీ ఆ ఇథనాల్‌లో కలిపి, కేసీన్ ఉన్న నీటిలోకి సన్నటి ధారగా పోస్తే, ఇథనాల్ నీటిలోకి పరచుకున్న క్షణంలో జీన్ మందుతో సహా ఉండలుగా గడ్డకడుతుంది. తటస్థానికి దగ్గరలో జీన్ ఉండలు ఒకదానికొకటి అంటుకునే స్వభావం కలవి గనుక కేసీన్ వాటిని విడివిడిగా ఉంచుతుంది. ద్రావణి వాడాం, నిజమే. కానీ అది చెరకు మడ్డి నుంచి పులియబెట్టి తీయగలిగినది, బట్టీలో కాచి మళ్లీ రాబట్టుకోగలిగినది. చివర్లో పొడి చేయడానికి గడ్డకట్టించి శూన్యంలో ఆరబెట్టే పద్ధతిని ఎంచుకుంటే మాత్రం రోజులకొద్దీ శూన్యపు పంపులు, శీతల యంత్రాలు తిరుగుతాయి. ద్రావణిలో మిగిల్చిన పుణ్యాన్ని కరెంటు బిల్లులో పోగొట్టుకున్నవారిని నేను చూశాను.

ఇంకొక విషయాన్ని ఇక్కడే విడదీసి చెప్పాలి. "హరిత సంశ్లేషణ" అన్న పేరుతో మన కళాశాలల నుంచి వచ్చే పత్రాల్లో ఎక్కువ భాగం, ఏదో ఒక ఆకు కషాయంలో సిల్వర్ నైట్రేటు కలిపి వెండి నానో కణాలు చేసినవి. గంజాయి ఆకుతో చేసినవీ వచ్చాయి. అవి ఆసక్తికరమే కావచ్చు, కానీ అవి కానబినాయిడ్లకు, అంటే సీబీడీ, టీహెచ్‌సీ వంటి గంజాయి రసాయనాలకు, వాహకాలు కావు. అక్కడ ఆకు రసం వెండిని క్షయకరణం చేసే రసాయనం మాత్రమే. ఆకు ఉన్నంత మాత్రాన హరితమూ కాదు, వెండి కాలువలో పడ్డాక అక్కడి సూక్ష్మజీవులను చంపుతూనే ఉంటుంది.

కాలేయం సంగతి మిగిలింది. జమ్మూలోని ప్రాంతీయ పరిశోధనశాలలో సి.కె. అటల్, 1979 ప్రాంతంలో, శొంఠి, పిప్పళ్లు, మిరియాలు కలిసిన త్రికటుకాన్ని పరిశీలిస్తూ, అందులోని పైపరిన్ ఇతర మందుల శోషణను పెంచుతుందని గుర్తించారు. ఆ ఆలోచనను జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయం వారు సీబీడీకి వర్తింపజేశారు. కడుపులోని నీటిని తాకగానే తానంతట తానే నానో బొట్లుగా విడిపోయే కొవ్వు మిశ్రమంలో సీబీడీతోపాటు పైపరిన్‌ను కూడా కలిపారు. ఎలుకల్లో మందు సుమారు 6 రెట్లు ఎక్కువగా అందింది. తయారీ కోణంలో ఇంతకన్నా పొదుపు ఊహించలేం, హోమోజినైజరు చేయవలసిన పనిని రోగి కడుపే చేస్తుంది. కానీ పైపరిన్ ఆపేది సీబీడీని విరిచే ఎంజైములనే కాదు. మూర్ఛ రోగులు చాలామంది క్లోబజామ్ వంటి మందులు కూడా వాడుతుంటారు, క్లోబజామ్ క్రియాశీల రూపాన్ని సీబీడీ ఒక్కటే రక్తంలో పెంచేస్తుంది. దానిమీద మిరియం కూడా తోడైతే మోతాదును వైద్యుడు మళ్లీ మొదటినుంచీ లెక్కగట్టుకోవాలి.

ప్రయోగశాలలో పనిచేయబోయే వారికి ఒక చిన్న హెచ్చరిక. కానబినాయిడ్లు ప్లాస్టిక్ గొట్టాలకు అంటుకుపోతాయి. వాహకంలోంచి మందు ఎంత విడుదలైందో కొలిచేటప్పుడు ప్లాస్టిక్ గోడ మింగినదాన్ని కూడా "వాహకం పట్టి ఉంచింది" అని రాసుకునే ప్రమాదం ఉంది. గాజు వాడండి, చివర్లో గోడలను కూడా ఇథనాల్‌తో కడిగి లెక్కలో వేయండి.

మళ్లీ ఆ నువ్వుల నూనె సీసా దగ్గరికి వస్తాను. ఇప్పటిదాకా చెప్పిన 6 శాతం ఖాళీ కడుపు లెక్క. కొవ్వు బాగా ఉన్న భోజనంతో కలిపి తీసుకుంటే, అదే నువ్వుల నూనె మందు, రక్తంలోకి సుమారు 4 రెట్లు ఎక్కువగా చేరుతుంది, గరిష్ఠ స్థాయి సుమారు 5 రెట్లు పెరుగుతుంది. నెయ్యి వేసుకున్న పప్పన్నం, పేగులోని పిత్తరసం కలిసి, ఏ యంత్రమూ ద్రావణీ లేకుండా, మన లోపలే ఎమల్షను, అంటే నీటిలో సన్నటి కొవ్వు బొట్ల మిశ్రమం, తయారుచేస్తున్నాయన్నమాట. ఒక నానో వాహకం సీబీడీని 4 రెట్లు ఎక్కువగా అందించిందని ఎవరైనా పత్రం చూపిస్తే నేను మొదట వెతికేది, వారు దాన్ని దేనితో పోల్చారన్నది. పరగడుపున ఇచ్చిన నూనెతో పోల్చి ఉంటే, అంత శ్రమపడి వారు ఒక భోజనాన్ని తయారుచేసినట్టు. భోజనంతో ఇచ్చిన నూనెతో పోల్చి, అప్పటికీ ముందున్నదని చూపిస్తే, లేదా తిన్నా తినకపోయినా మందు ఒకే స్థాయిలో అందుతోందని చూపిస్తే, అప్పుడు దాని ద్రావణి లెక్క, కరెంటు లెక్క, సర్ఫాక్టెంటు పుట్టుక అడగడానికి కూర్చుంటాను. ముద్ద మింగలేని స్థితిలో ఉన్న బిడ్డకు ఆ రెండో గుణమే ఎక్కువ అవసరం.

ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.